ఇంగ్లిష్ గ్రామర్: ‘నాట్ ఓన్లీ’ అన్నాక ‘బట్ ఆల్సో’ ఎక్కడ రావాలి? ఈ జంట పదాల దగ్గరే చాలామంది మార్కులు పోగొట్టుకునేది!

‘ఐ నాట్ ఓన్లీ నో జావా బట్ ఆల్సో పైథాన్.’ ఇంటర్వ్యూలో తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు ఇలాంటి వాక్యం చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఎదుటివాళ్లకు అర్థం కూడా అవుతుంది. కానీ ఇదే వాక్యం ఏ ఎస్ఎస్‌సీ పరీక్షలోనో, బ్యాంక్ పరీక్షలోనో ‘తప్పు ఎక్కడుందో గుర్తించండి’ అంటూ వస్తే మాత్రం.. చాలామంది ‘నో ఎర్రర్’ అని టిక్ పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. మార్కు పోతుంది. పైగా నెగెటివ్ మార్కు కూడా పడుతుంది.

ఇంతకీ ఈ వాక్యంలో తప్పేంటి? పదాలన్నీ కరెక్టే. స్పెల్లింగులూ కరెక్టే. తప్పల్లా ‘నాట్ ఓన్లీ’ కూర్చున్న చోటులోనే ఉంది. ‘ఐ నో నాట్ ఓన్లీ జావా బట్ ఆల్సో పైథాన్’ అనాలి. ఒక్క పదం అటు నుంచి ఇటు జరిగింది, అంతే!

ఈ చిన్న తేడా విలువ ఎంతో చూడండి. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్ నుంచి 25 ప్రశ్నలు, 50 మార్కులు. సరైన జవాబుకు 2 మార్కులు వస్తాయి, తప్పుకు 0.50 మార్కు కోత పడుతుంది. అంటే ఒక్క ప్రశ్న దగ్గర రైటుకీ తప్పుకీ మధ్య తేడా రెండున్నర మార్కులు. కటాఫ్ దగ్గర అర మార్కు తేడాతో ఆగిపోయిన వాళ్లను అడిగితే తెలుస్తుంది ఆ బాధ ఏంటో.

అందుకే ఈ జంట పదాల సంగతేంటో, ఎక్కడ పెట్టాలో, మనవాళ్లు ఎక్కడ బోల్తా పడుతున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక చిన్న మాట: ‘లేదా’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ పదాన్ని ఇక్కడ ‘ఓర్’ అని రాస్తున్నాం. ‘ఉన్నారు’ అనే అర్థంలో వచ్చే ‘ఆర్’తో కలిసిపోకుండా ఉండటానికే ఇలా.

అసలేంటీ జంట పదాలు?

గ్రామర్ పుస్తకాల్లో వీటిని కోరెలేటివ్ కంజంక్షన్స్ అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. ‘అండ్’, ‘బట్’, ‘ఓర్’ లాంటివి ఒంటరిగా పనిచేస్తాయి. ఇవి మాత్రం జంటగానే వస్తాయి. మొదటిది వచ్చిందంటే రెండోది రావాల్సిందే.

ముఖ్యమైన జంటలు ఇవీ..

ఐదర్ – ఓర్: రెండింట్లో ఏదో ఒకటి.
నైదర్ – నార్: రెండూ కాదు.
బోత్ – అండ్: రెండూ.
నాట్ ఓన్లీ – బట్ ఆల్సో: ఇది మాత్రమే కాదు, అది కూడా.
వెదర్ – ఓర్: అవునో కాదో, ఇదో అదో.
నో సూనర్ – దాన్: ఇలా జరిగిందో లేదో అలా.
హార్డ్‌లీ – వెన్: దాదాపు అదే అర్థం.
సో – దట్, సచ్ – దట్: ఎంత అంటే.. అంత.

వీటిని కావడిలా ఊహించుకోండి. బద్దకు అటో కుండ, ఇటో కుండ. రెండు వైపులా బరువు సమానంగా ఉంటేనే కావడి భుజం మీద నిలుస్తుంది. ఒకవైపు కుండ పెట్టి, రెండో వైపు చెంబు కట్టారనుకోండి.. ఒరిగిపోతుంది. ఇంగ్లిష్ జంట పదాల సూత్రం మొత్తం ఇంతే. మొదటి పదం తర్వాత ఏ రకం మాట వచ్చిందో, రెండో పదం తర్వాత కూడా అదే రకం మాట రావాలి. అక్కడ నామవాచకం ఉంటే ఇక్కడా నామవాచకం. అక్కడ క్రియ ఉంటే ఇక్కడా క్రియ.

మనకే ఎందుకు తడబాటు?

తెలుగులో జంట పదాలు లేవా అంటే.. బ్రహ్మాండంగా ఉన్నాయి. ‘టీ గానీ కాఫీ గానీ ఇవ్వండి’ అంటాం. ‘అమ్మా నాన్నా వచ్చారు’ అంటాం. ‘వస్తాడో రాడో తెలీదు’ అంటాం. అచ్చం ఐదర్–ఓర్, బోత్–అండ్, వెదర్–ఓర్ చేసే పనే ఇవీ చేస్తున్నాయి.

కానీ ఒక్క తేడా గమనించండి. ‘గానీ’ అయినా, చివర సాగదీసే అచ్చయినా, ‘ఓ’ అయినా.. ఇవన్నీ పదం తోకకు అంటుకుని ఉంటాయి. టీకి ఒకటి, కాఫీకి ఒకటి. ఏది దేనికి చెందిందో వెతుక్కోవాల్సిన పనే లేదు. తప్పు చోట పెట్టడం మనకు రాదు కూడా.

ఇంగ్లిష్‌లో సీన్ రివర్స్. అక్కడ జంట పదం మాటకు వెనక కాదు, ముందు వస్తుంది. అంటుకుని కాదు, విడిగా నిలబడుతుంది. ఇక దాని తర్వాత ఏముంటే అదంతా తన ఖాతాలోదే అనుకుంటుంది. ‘ఐ నాట్ ఓన్లీ నో జావా’ అన్నప్పుడు ‘నో జావా’ అనే రెండు మాటలూ దాని కిందకి వచ్చేశాయి. అంటే ‘జావా తెలియడం మాత్రమే కాదు’ అని మొదలుపెట్టాం. మరి రెండో వైపు? ‘పైథాన్’ అని ఒక్క పేరు పెట్టి వదిలేశాం. అక్కడ క్రియ ఉంది, ఇక్కడ లేదు. కావడి ఒరిగింది!

ఐదు సెకన్లలో తప్పు పట్టుకునే ట్రిక్

పరీక్షలో ఎక్కువ టైమ్ ఉండదు. ఉదాహరణకు ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లిష్ ప్రశ్నలకు 20 నిమిషాలే. అంటే ఒక్కోదానికి 40 సెకన్లు. అందుకే ఈ చిట్కా గుర్తుంచుకోండి.

మొదటి జంట పదానికి ముందున్న భాగాన్ని ‘మొదలు’ అనుకోండి. ఆ మొదలుకు ఒకసారి మొదటి మాట, ఇంకోసారి రెండో మాట కలిపి చదవండి. రెండూ విడివిడిగా సరైన వాక్యాలు అయితే ఓకే. ఏదో ఒకటి కుంటితే అక్కడ తప్పున్నట్టే.

సరైన వాక్యంతో చూద్దాం: ‘ఐ నో నాట్ ఓన్లీ జావా బట్ ఆల్సో పైథాన్.’ మొదలు ఏంటి? ‘ఐ నో’. దానికి ‘జావా’ కలపండి.. ‘ఐ నో జావా’. బాగుంది. ‘పైథాన్’ కలపండి.. ‘ఐ నో పైథాన్’. ఇదీ బాగుంది. పాస్!

ఇప్పుడు తప్పు వాక్యం: ‘ఐ నాట్ ఓన్లీ నో జావా బట్ ఆల్సో పైథాన్.’ ఇక్కడ మొదలు ‘ఐ’ ఒక్కటే. ‘ఐ నో జావా’ సరే. ‘ఐ పైథాన్’? అంటే ‘నేను పైథాన్’! కొండచిలువ అయిపోయారన్నమాట. ఫెయిల్.

ఇదే ట్రిక్ వీటి మీద కూడా వేసి చూడండి.

తప్పు: ‘హీ విల్ ఐదర్ కమ్ టుడే ఓర్ టుమారో.’
రైటు: ‘హీ విల్ కమ్ ఐదర్ టుడే ఓర్ టుమారో.’

తప్పు: ‘షీ ఈజ్ గుడ్ బోత్ ఎట్ మ్యాథ్స్ అండ్ సైన్స్.’
రైటు: ‘షీ ఈజ్ గుడ్ ఎట్ బోత్ మ్యాథ్స్ అండ్ సైన్స్.’

రెండో దాంట్లో ఇంకో దారి కూడా ఉంది. ‘బోత్ ఎట్ మ్యాథ్స్ అండ్ ఎట్ సైన్స్’ అన్నా రైటే. ‘ఎట్’ను బోత్‌కి ముందు పెడితే ఒక్కసారి చాలు. తర్వాత పెడితే రెండు వైపులా పెట్టాలి. ఆఫీసు మెయిల్స్‌లో ‘ఐ యామ్ అవైలబుల్ బోత్ ఆన్ మండే అండ్ ట్యూస్‌డే’ అని రాసేవాళ్లకు ఇదే వర్తిస్తుంది. ‘ఆన్ బోత్ మండే అండ్ ట్యూస్‌డే’ అని మార్చుకుంటే సరిపోతుంది.

‘మరి ఇంగ్లిష్ వాళ్లు కూడా మాట్లాడేటప్పుడు ఇలాగే అంటారు కదా?’ అని మీకు డౌట్ రావచ్చు. నిజమే. మాటల్లో వాళ్లూ ఈ పదాలను అటూ ఇటూ జరిపేస్తుంటారు. ఎవరూ పట్టించుకోరు. కానీ పరీక్ష పేపర్, ఆఫీసు లెటర్, రెజ్యూమె.. ఈ మూడు చోట్లా లెక్క వేరు. అక్కడ చదివేవాళ్లు ఈ బ్యాలెన్స్‌నే చూస్తారు.

జంటను విడగొడితే అంతే సంగతులు

రెండో రకం తప్పు.. ఒక జంటలోని పదానికి ఇంకో జంటలోని పదాన్ని ముడిపెట్టడం. పరీక్షల్లో ఎక్కువగా కనిపించే తప్పుడు జతలు ఇవి.

‘నైదర్’ తర్వాత ‘ఓర్’ పెట్టడం. నైదర్‌కి నార్ మాత్రమే. రెండింటికీ మొదట్లో ‘న’ ఉంది చూడండి, అలా గుర్తుపెట్టుకోండి.

‘బోత్’ తర్వాత ‘యాజ్ వెల్ యాజ్’ పెట్టడం. ‘బోత్ రవి యాజ్ వెల్ యాజ్ సీత’ అనకూడదు. బోత్ ఉంటే అండ్ ఉండాలి. యాజ్ వెల్ యాజ్ కావాలనుకుంటే బోత్ తీసేయాలి.

‘నో సూనర్’ తర్వాత ‘వెన్’ పెట్టడం. ఇది చాలా కామన్ తప్పు. ‘సూనర్’ అంటే ‘ఇంకా ముందు’ అని అర్థం. రెండింటిని పోల్చే మాట అది. ‘టాలర్ దాన్’, ‘బిగ్గర్ దాన్’ అన్నట్టే ‘సూనర్ దాన్’. అందుకే అక్కడ ‘దాన్’ తప్ప ఇంకోటి కుదరదు. అదే ‘హార్డ్‌లీ’, ‘స్కేర్స్‌లీ’లలో పోలిక లేదు. వాటికి ‘వెన్’ పెట్టాలి.

ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. ‘రైలు ఆగిందో లేదో జనం ఎగబడ్డారు’ అంటాం కదా. ఆ ‘ఆగిందో లేదో’ అనే మాటే ఇంగ్లిష్‌లో నో సూనర్–దాన్. ‘నో సూనర్ హ్యాడ్ ది ట్రైన్ స్టాప్డ్ దాన్ పీపుల్ రష్డ్ ఇన్.’ అర్థం తెలుగులో పట్టుకుని, జంట ఇంగ్లిష్‌లో పెట్టండి.

ఇంకో విషయం. ఐదర్, నైదర్ అనేవి రెండింటి మధ్య ఎంచుకునేటప్పుడు వాడే పదాలు. మూడు, నాలుగు ఆప్షన్లు ఉన్నప్పుడు వాడుకలో కొందరు వాడతారు గానీ, పరీక్షల్లో మాత్రం రెండుకే పరిమితం అనుకోవడం సేఫ్. మూడు అంతకంటే ఎక్కువ ఉంటే ‘వన్ ఆఫ్’, ‘ఎనీ ఆఫ్’, ‘నన్ ఆఫ్’ వాడుకోవచ్చు.

అన్నట్టు, ‘ఐదర్’ అనాలా ‘ఈదర్’ అనాలా అని కొట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ కరెక్టే. బ్రిటన్‌లో ఎక్కువగా ‘ఐదర్’ వినిపిస్తుంది, అమెరికాలో ఎక్కువగా ‘ఈదర్’ వినిపిస్తుంది. దీనికి మార్కులు కట్ అవ్వవు, టెన్షన్ వద్దు.

క్రియ ఎవరి మాట వింటుంది?

‘ఐదర్ ది మేనేజర్ ఓర్ ది క్లర్క్స్..’ తర్వాత ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా? మేనేజర్ ఒక్కడు, క్లర్కులు చాలామంది. ఎవర్ని చూడాలి?

రూల్ సింపుల్. ఐదర్–ఓర్, నైదర్–నార్, నాట్ ఓన్లీ–బట్ ఆల్సో.. ఈ మూడింట్లోనూ క్రియ తన పక్కనున్న వాళ్ల మాటే వింటుంది. దగ్గరున్నదే చుట్టం అన్నమాట.

‘ఐదర్ ది మేనేజర్ ఓర్ ది క్లర్క్స్ ఆర్ రెస్పాన్సిబుల్.’ పక్కనున్నది క్లర్క్స్, కాబట్టి ‘ఆర్’.
‘ఐదర్ ది క్లర్క్స్ ఓర్ ది మేనేజర్ ఈజ్ రెస్పాన్సిబుల్.’ పక్కనున్నది మేనేజర్, కాబట్టి ‘ఈజ్’.
‘నైదర్ హీ నార్ ఐ యామ్ రెడీ.’ పక్కనున్నది ‘ఐ’, కాబట్టి ‘యామ్’.

బోత్–అండ్ దగ్గర ఈ గొడవే లేదు. ఇద్దరూ కలిశాక ఎప్పుడూ బహువచనమే. ‘బోత్ రవి అండ్ సీత ఆర్ హియర్.’

ఇక్కడ ఎగ్జామినర్లు వేసే ట్రాప్ ఒకటుంది. ‘రవి, యాజ్ వెల్ యాజ్ హిస్ ఫ్రెండ్స్, ఈజ్ హియర్.’ ఇందులో క్రియ పక్కన ఫ్రెండ్స్ ఉన్నా ‘ఈజ్’ ఎందుకు వచ్చింది? ఎందుకంటే యాజ్ వెల్ యాజ్ జంట పదం కాదు. అది మధ్యలో తగిలించిన మాట. అసలు కర్త మొదటి ఆయనే. ఇక్కడ రవిని చూసే క్రియ పెట్టాలి.

‘నాట్ ఓన్లీ’తో వాక్యం మొదలుపెడితే?

‘నాట్ ఓన్లీ హీ కేమ్ లేట్, బట్ హీ ఆల్సో ఫర్‌గాట్ ది ఫైల్.’ ఇదీ మనవాళ్ల నోట తరచూ వినిపించే వాక్యమే. ఇందులోనూ తప్పుంది.

నాట్ ఓన్లీ, నో సూనర్, హార్డ్‌లీ.. ఇవి వాక్యం మొదట్లోకి వచ్చి కూర్చుంటే, వెనకాల వరస తలకిందులవుతుంది. ప్రశ్న అడిగినట్టు సహాయక క్రియ ముందుకు రావాలి. ‘నాట్ ఓన్లీ డిడ్ హీ కమ్ లేట్, బట్ హీ ఆల్సో ఫర్‌గాట్ ది ఫైల్.’ చూశారా? ‘డిడ్ హీ కమ్’ అనేది ప్రశ్నలా ఉంది గానీ ఇక్కడ ప్రశ్న కాదు. రెండో సగంలో మాత్రం మామూలు వరసే. ‘బట్’, ‘ఆల్సో’ పక్కపక్కనే ఉండాలని కూడా లేదు. మధ్యలో ‘హీ’ రావచ్చు.

తలకిందుల వరస కష్టమనిపిస్తే ఈజీ దారి ఒకటుంది. నాట్ ఓన్లీని మొదట్లో పెట్టకండి. ‘హీ నాట్ ఓన్లీ కేమ్ లేట్ బట్ ఆల్సో ఫర్‌గాట్ ది ఫైల్’ అంటే సరిపోతుంది. అటు ‘కేమ్’, ఇటు ‘ఫర్‌గాట్’.. రెండూ క్రియలే. కావడి నిలబడింది.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెబితే..

‘అతనూ రాలేదు, ఆమే రాలేదు.’ తెలుగులో ‘లేదు’ అనే మాట క్రియలోనే ఉంటుంది. ప్రతి క్రియకూ ఒక ‘లేదు’ తగిలిస్తాం. దాన్ని ఉన్నదున్నట్టు దించితే ఏమవుతుంది? ‘నైదర్ హీ డిడ్ నాట్ కమ్ నార్ షీ డిడ్ నాట్ కమ్.’ లెక్కపెడితే నాలుగు సార్లు ‘కాదు’ అన్నట్టు!

నైదర్‌లోనే ‘కాదు’ ఉంది. నార్‌లోనూ ఉంది. ఇంకా ‘నాట్’ అక్కర్లేదు. ‘నైదర్ హీ నార్ షీ కేమ్.’ అంతే. అలాగే ‘హీ నైదర్ స్మోక్స్ నార్ డ్రింక్స్.’ ఒకవేళ వాక్యంలో ముందే ‘నాట్’ వచ్చేసిందా? అప్పుడు నైదర్–నార్ పక్కన పెట్టి ఐదర్–ఓర్ వాడాలి. ‘ఐ డిడ్ నాట్ మీట్ ఐదర్ రవి ఓర్ సీత.’

‘లెస్ట్’ కూడా ఇలాంటిదే. ‘లేకపోతే ఫలానాది జరుగుతుందేమో’ అనే అర్థం దాంట్లోనే ఉంది. ‘వర్క్ హార్డ్ లెస్ట్ యూ షుడ్ ఫెయిల్.’ ‘షుడ్ నాట్ ఫెయిల్’ అంటే అర్థమే తిరగబడుతుంది.

ఇక ‘ఆల్దో–బట్’. ‘పేదవాడే అయినా కానీ నిజాయితీపరుడు’ అని మాటల్లో రెండూ కలిపి అనేస్తాం. అదే అలవాటు ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్’ అవుతుంది. ఇది తప్పు. ఆల్దో ఉంటే బట్ తీసేయాలి, బట్ ఉంటే ఆల్దో తీసేయాలి. కావాలంటే ‘యెట్’ పెట్టుకోవచ్చు. అది కూడా తప్పనిసరి కాదు.

‘వస్తాడో రాడో నాకు తెలీదు’ అనేదానికి ‘ఐ డోంట్ నో దట్ వెదర్ హీ విల్ కమ్ ఓర్ నాట్’ అంటుంటారు కొందరు. ‘వెదర్’ ముందు ‘దట్’ దండగ. తీసేయండి.

ఎంత చెట్టుకు అంత గాలి!

ఈ సామెతలో ఉన్న ఎంత–అంత లాంటి జంట ఇంగ్లిష్‌లోనూ ఉంది. ‘ది మోర్ యూ ప్రాక్టీస్, ది బెటర్ యూ గెట్.’ ఎంత ప్రాక్టీస్ చేస్తే అంత మెరుగవుతారు. మనం ‘ఎంత’ అని చెప్పి ‘అంత’ మింగేస్తే వాక్యం వేలాడుతుంది కదా.. అక్కడా అంతే. ‘ది మోర్ యూ ప్రాక్టీస్, యూ గెట్ బెటర్’ అంటే రెండో ‘ది’ మింగేసినట్టు.

సో–దట్, సచ్–దట్ మధ్య తేడా కూడా చూసేయండి. ‘సో’ తర్వాత గుణం చెప్పే మాట మాత్రమే వస్తే చాలు: ‘ది బాక్స్ వాజ్ సో హెవీ దట్ ఐ కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్.’ ‘సచ్’ తర్వాత వస్తువు పేరు కూడా ఉండాలి: ‘ఇట్ వాజ్ సచ్ ఎ హెవీ బాక్స్ దట్ ఐ కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్.’ ‘టూ హెవీ దట్’ మాత్రం ఎప్పుడూ తప్పే. ‘టూ’కి జంట ‘దట్’ కాదు, ‘టు’: ‘టూ హెవీ టు లిఫ్ట్’.

మార్కులే కాదు.. జైలు శిక్షలు కూడా!

‘గ్రామర్ కోసం ఇంత అవసరమా?’ అనుకుంటున్నారా? అయితే ఇది చదవండి.

అమెరికాలో 2018లో వచ్చిన ఫస్ట్ స్టెప్ యాక్ట్‌లో ఒక నిబంధన ఉంది. కొన్ని డ్రగ్స్ కేసుల్లో చట్టం చెప్పిన కనీస శిక్ష కంటే తక్కువ శిక్ష వేసే వీలు జడ్జికి ఇస్తుంది అది. అయితే నిందితుడి నేర చరిత్రలో మూడు అంశాలు ఉండకూడదు అని షరతు పెట్టింది. ఆ మూడింటినీ ‘ఎ, బి, అండ్ సి ఉండకూడదు’ అనే తీరులో రాసింది.

గొడవంతా ఆ ‘అండ్’ దగ్గరే వచ్చింది. ‘మూడూ ఉండకూడదు’ అంటే ఏంటి? ఏ ఒక్కటీ ఉండకూడదనా? లేక మూడూ కలిపి ఉండకూడదనా? తెలుగులో చెప్పినా అదే అయోమయం చూడండి. ఒక్కటి ఉన్నా ఈ మినహాయింపు వర్తించదని ప్రభుత్వం వాదించింది. మూడూ ఒకేసారి ఉంటేనే వర్తించదని నిందితుడి తరఫువాళ్లు వాదించారు.

చివరికి 2024 మార్చి 15న అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. మెజారిటీ తీర్పును జస్టిస్ ఎలెనా కేగన్ రాశారు. జస్టిస్ నీల్ గోర్సచ్ విభేదించారు. జస్టిస్ సోనియా సోటోమేయర్, జస్టిస్ కేతాంజీ బ్రౌన్ జాక్సన్ ఆయనతో ఏకీభవించారు. దేశంలోనే పెద్ద జడ్జిలు తొమ్మిది మంది కూర్చుని చదివినా ఆ వాక్యం అందరికీ ఒకేలా అర్థం కాలేదన్నమాట. అదీ మనుషులు ఎన్నేళ్లు జైల్లో ఉండాలో తేల్చే వాక్యం!

మన రోజువారీ జీవితంలోనూ ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. ‘సబ్మిట్ ఐదర్ ది ఆధార్ కార్డ్ ఓర్ ది పాస్‌పోర్ట్’ అని ఉంటే ఒకటి ఇస్తే చాలు. ‘సబ్మిట్ బోత్ ది ఒరిజినల్ అండ్ ఎ ఫొటోకాపీ’ అని ఉంటే ఒకటే తీసుకెళ్తే కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి పంపిస్తారు. మీరే నోటీసు రాయాల్సి వచ్చిందనుకోండి. ‘డూ నాట్ బ్రింగ్ బోత్ ఎ ఫోన్ అండ్ ఎ స్మార్ట్‌వాచ్’ అని రాస్తే, ‘రెండూ కలిపి వద్దన్నారు, ఒకటి తెచ్చా కదా’ అని వాదించేవాడు ఒకడు ఉంటాడు. ‘బ్రింగ్ నైదర్ ఎ ఫోన్ నార్ ఎ స్మార్ట్‌వాచ్’ అని రాస్తే ఇక వాదనకు చోటే లేదు. జంట పదాలు ఉన్నది ఇందుకే.. ఒకటా, రెండా, ఏదీ కాదా అన్నది తేల్చి చెప్పడానికి.

మీరే ట్రై చేయండి

కింద ఆరు వాక్యాలు ఉన్నాయి. తప్పు ఎక్కడుందో పట్టుకోండి. జాగ్రత్త.. ఒకదాంట్లో అసలు తప్పే లేదు! జవాబులు చూడకుండా ముందు మీరు ప్రయత్నించండి.

1. ‘షీ ఈజ్ బోత్ ఇంటెలిజెంట్ అండ్ వర్క్స్ హార్డ్.’
2. ‘నైదర్ ది టీచర్ నార్ ది స్టూడెంట్స్ వాజ్ ప్రెజెంట్.’
3. ‘నో సూనర్ ది బెల్ హ్యాడ్ రంగ్ వెన్ ది చిల్డ్రన్ ర్యాన్ అవుట్.’
4. ‘హీ ఐదర్ వాంట్స్ టీ ఓర్ కాఫీ.’
5. ‘ది మినిస్టర్ విజిటెడ్ నాట్ ఓన్లీ ది విలేజెస్ బట్ ఆల్సో ది రిలీఫ్ క్యాంప్స్.’
6. ‘హార్డ్‌లీ హ్యాడ్ వీ రీచ్డ్ హోమ్ దాన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.’

జవాబులు ఇవిగో..

1. ఒకవైపు గుణం చెప్పే మాట, ఇంకోవైపు క్రియ. ‘షీ ఈజ్ వర్క్స్ హార్డ్’ అని కలిపి చదివితేనే తెలిసిపోతుంది. ‘బోత్ ఇంటెలిజెంట్ అండ్ హార్డ్‌వర్కింగ్’ అనాలి.

2. క్రియ పక్కనున్నది స్టూడెంట్స్. కాబట్టి ‘వాజ్’ కాదు, ‘వర్’ రావాలి.

3. ఇందులో రెండు తప్పులున్నాయి. వరస తలకిందులు కాలేదు, జంట కూడా తప్పు. ‘నో సూనర్ హ్యాడ్ ది బెల్ రంగ్ దాన్ ది చిల్డ్రన్ ర్యాన్ అవుట్’ అనాలి.

4. ‘ఐదర్’ తర్వాత ‘వాంట్స్ టీ’ ఉంది, ‘ఓర్’ తర్వాత ఉత్త ‘కాఫీ’ ఉంది. ‘హీ వాంట్స్ ఐదర్ టీ ఓర్ కాఫీ’ అనాలి.

5. నో ఎర్రర్! మొదలు ‘ది మినిస్టర్ విజిటెడ్’. దానికి విలేజెస్ కలిసింది, రిలీఫ్ క్యాంప్స్ కూడా కలిసింది. ఇందులో తప్పు వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

6. ‘హార్డ్‌లీ’కి జంట ‘వెన్’. ‘దాన్’ తీసేసి ‘వెన్’ పెట్టాలి.

ఆరింటికి ఐదు రైటయితే మీకు పట్టు దొరికినట్టే. మూడు, నాలుగు వస్తే ఏ రకం తప్పు దగ్గర ఆగిపోయారో చూసుకుని, పైన ఆ భాగం మళ్లీ ఒకసారి చదవండి. చోటు తప్పా, జంట తప్పా, క్రియ తప్పా, అదనంగా ‘కాదు’ చేరిందా.. జంట పదాల మీద అడిగే ప్రశ్నల్లో ఎక్కువ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. పరీక్ష హాల్లో జంట పదం కనిపించగానే ముందు దాని జత ఎక్కడుందో వెతకండి, తర్వాత రెండింటి పక్కన ఏముందో చూడండి. ‘నో ఎర్రర్’ మీద టిక్ పెట్టేది ఆ తర్వాతే.